టీఎస్ఏ ప్రీచెక్ హక్కా, సదుపాయమా? హెచ్1బీలో ఉన్నవారి గురించి చట్టం ఏమంటోంది?

ప్రశ్న అడిగినవారు: ఫ్రిస్కో బాటసారి

అందరికీ నమస్కారం. నేను తొమ్మిదేళ్ళుగా హెచ్1బీ వీసా మీద టెక్సస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. పని నిమిత్తం నెలకు కనీసం రెండుసార్లు విమానం ఎక్కవలసి వస్తుంది కనుక, భద్రతా తనిఖీ వరుసలో పోయే సమయం కొంతైనా మిగులుతుందని మూడేళ్ళ క్రితం ప్రీచెక్‌కు (ముందుగా పరిశీలించి నమోదు చేసుకున్నవారికి అమెరికా రవాణా భద్రతా సంస్థ, అంటే టీఎస్ఏ, తేలిక తనిఖీ ఇచ్చే ఏర్పాటు) దరఖాస్తు చేయబోయాను. పౌరసత్వం గురించిన ప్రశ్న దగ్గరే నా దరఖాస్తు ఆగిపోయింది. నా పక్క బల్ల మీద పనిచేసే మిత్రుడికి గ్రీన్ కార్డు చేతికి వచ్చి ఐదు నెలలైనా కాకముందే, వారం రోజుల్లో ప్రీచెక్ వచ్చింది. తొమ్మిదేళ్ళుగా వేలిముద్రలు ఇస్తూ, పన్నులు కడుతూ ఉన్న నాకంటే అతడు ఏ విధంగా ఎక్కువ నమ్మదగినవాడో నాకు అర్థం కాలేదు.

తరువాత ఒక స్నేహితుని సలహా మీద భారత పాస్‌పోర్టుతోనే, విదేశం నుంచి అమెరికాకు వచ్చేటప్పుడు ఇమ్మిగ్రేషన్‌ను త్వరగా దాటించే గ్లోబల్ ఎంట్రీ సభ్యత్వం తీసుకున్నాను. దానితో పాటు ప్రీచెక్ కూడా వచ్చింది. అయితే బోర్డింగ్ పాస్ మీద ప్రీచెక్ గుర్తు ఒకసారి ఉంటుంది, మరొకసారి ఉండదు. గత నెలలో ఒక విమానాశ్రయంలో నా సభ్యత్వ సంఖ్యను చూపించినా, గుర్తు లేదు కనుక మామూలు వరుసలోకి వెళ్ళమన్నారు. మరొక చోట తెల్లవారుజామున ఐదింటికి ఆ వరుసే తెరవలేదు.

నేను అడగదలచుకున్నది ఇది. ఈ ఏర్పాటు ఏ చట్టం కింద నడుస్తోంది? పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవారికి మాత్రమే నేరుగా ఇవ్వాలన్న నిబంధనను చట్టసభ పెట్టిందా, అధికారులు పెట్టారా? రుసుము కట్టి, పరిశీలనలో నెగ్గిన తరువాత కూడా గుర్తు ఇవ్వకపోతే అడిగే హక్కు నాకు ఉందా? నా భార్య హెచ్4లో (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే వీసా) ఉంది, పిల్లల్లో ఒకరికి 14, మరొకరికి 8 ఏళ్ళు. వేసవిలో మా నాన్నగారు వస్తున్నారు, ఆయనకు 76. వీరి సంగతి కూడా ఎవరైనా చెప్పగలిగితే సంతోషిస్తాను.

జవాబు: పాత దస్తావేజు

బాటసారి గారూ, మీరు చట్టం గురించే అడిగారు కనుక అక్కడినుంచే మొదలుపెడతాను. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత రెండు నెలలు దాటగానే అమెరికా కాంగ్రెస్ విమానయాన, రవాణా భద్రతా చట్టాన్ని ఆమోదించింది. 2001 నవంబరు 19న దాని మీద అధ్యక్షుని సంతకం పడింది. టీఎస్ఏ అనే సంస్థ పుట్టింది ఆ చట్టంతోనే. అందులోని 109వ సెక్షన్‌లో ఒకే ఒక్క వాక్యం ఉంది. నమ్మకస్థులైన ప్రయాణికుల కోసం కార్యక్రమాలు ఏర్పాటు చేయవచ్చని, వారి తనిఖీని త్వరగా ముగించేందుకు అందుబాటులో ఉన్న సాంకేతికతను వాడవచ్చని, అలా మిగిలిన సిబ్బంది దృష్టిని ఎక్కువ తనిఖీ అవసరమైనవారి మీద పెట్టవచ్చని దాని సారాంశం. మీరు, నేను ఈ రోజు ల్యాప్‌టాప్ బయటకు తీయకుండా నడిచే వరుస మొత్తం ఆ ఒక్క వాక్యం మీద నిలబడి ఉంది.

ఆ వాక్యంలో పౌరుడు అన్న మాట లేదు, గ్రీన్ కార్డు అన్న మాట అసలే లేదు. కనుక మీ రెండవ ప్రశ్నకు జవాబు సూటిగానే చెప్పవచ్చు. 2013 డిసెంబరులో సామాన్య ప్రయాణికులు నేరుగా దరఖాస్తు చేసుకునే వీలు కల్పించినప్పుడు, అమెరికా పౌరులు, జాతీయులు, శాశ్వత నివాసులు (గ్రీన్ కార్డు ఉన్నవారు) అర్హులని టీఎస్ఏ ఫెడరల్ రిజిస్టర్‌లో, అంటే అమెరికా ప్రభుత్వ గెజిట్‌లో, ప్రకటించింది. ఆ గీత గీసింది అధికార సంస్థ. రుసుము వసూలు చేసే అధికారం మాత్రం 2006 ఆర్థిక సంవత్సరానికి సంబంధించిన హోంల్యాండ్ సెక్యూరిటీ (అంతర్గత భద్రతా శాఖ) కేటాయింపుల చట్టం నుంచి వచ్చింది. మొదట్లో ఐదేళ్ళకు 85 డాలర్లు ఉండేది. ఇప్పుడు ఎవరి దగ్గర నమోదు చేసుకుంటామన్న దాన్ని బట్టి కొద్దిగా మారుతోంది.

2001 నుంచి 2011 దాకా ఏం జరిగిందన్నది చాలామందికి తెలియదు. మొదట ప్రైవేటు కంపెనీల ద్వారా రిజిస్టర్డ్ ట్రావెలర్ అనే ప్రయోగం నడిచింది. డబ్బు కట్టి కార్డు తీసుకున్నవారు వరుసలో ముందుకు వెళ్ళగలిగేవారే తప్ప, తనిఖీ దగ్గర మాత్రం అందరితో పాటే బూట్లు విప్పవలసి వచ్చేది. వాటిలో పెద్దదైన క్లియర్ 2009 జూన్‌లో మూతపడి, కొత్త యాజమాన్యం కింద మళ్ళీ తెరుచుకుంది. ఇప్పటికీ క్లియర్‌కూ ప్రీచెక్‌కూ తేడా తెలియక రెండింటికీ డబ్బు కట్టేవారు ఉన్నారు. క్లియర్ మన గుర్తింపు చూసే మెట్టును త్వరగా దాటిస్తుంది. తనిఖీనే తేలిక చేసేది ప్రీచెక్. అది 2011 అక్టోబరులో అట్లాంటా, డెట్రాయిట్, డల్లస్ ఫోర్ట్‌వర్త్, మయామీ విమానాశ్రయాల్లో, తరచుగా ప్రయాణించేవారితోనూ గ్లోబల్ ఎంట్రీ వంటి వాటిలో సభ్యులైన వారితోనూ మొదలైంది.

కాంగ్రెస్ మళ్ళీ దీని జోలికి రావడానికి ఒక సంఘటన కారణం. వరుసలు ఖాళీగా ఉండకూడదని టీఎస్ఏ నమోదు చేసుకోని ప్రయాణికులను కూడా లెక్కల ఆధారంగా ప్రీచెక్‌లోకి పంపుతూ వచ్చింది. అలా పంపినవారిలో, హత్య, పేలుడు పదార్థాల నేరాలకు శిక్ష అనుభవించి, ఒకప్పుడు దేశంలోని ఒక ఉగ్రవాద ముఠాలో సభ్యత్వం ఉన్న వ్యక్తి ఉన్నట్టు 2015 మార్చిలో వెలువడిన హోంల్యాండ్ సెక్యూరిటీ ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదిక చెప్పింది. వార్తల్లో ఆ ముఖం చూసిన గుర్తుతో తనిఖీ ఉద్యోగి ఒకరు పట్టుకుని పై అధికారికి చెబితే, బోర్డింగ్ పాస్ మీద గుర్తు ఉంది కనుక వదిలేయమన్నారు! ఆ ఏడాదే ప్రతినిధుల సభ ఒక బిల్లును ఆమోదించినా అది చట్టం కాలేదు. 2016 జూలై 15న వచ్చిన ఎఫ్ఏఏ (విమానయాన నియంత్రణ సంస్థ) పొడిగింపు చట్టం నమోదును విస్తరించమని చెప్పింది. ఆ వేసవిలో విమానాశ్రయాల్లో చాంతాడంత వరుసలు నిలబడి ఉండడమే అందుకు తక్షణ కారణం.

మీకు అసలు పనికొచ్చేది 2018 అక్టోబరు 5 నాటి చట్టం. ఎఫ్ఏఏ పునరధికార చట్టంలో భాగంగా వచ్చిన టీఎస్ఏ ఆధునికీకరణ చట్టం, ప్రీచెక్ వరుసల్లోకి నమోదిత ప్రయాణికులే వెళ్ళేలా చూడాలని ఆదేశించింది. ఆ నమోదిత ప్రయాణికులు ఎవరన్నది చెబుతూ, టీఎస్ఏ సొంత కార్యక్రమంలో ఉన్నవారిని మాత్రమే కాక, టీఎస్ఏ అంగీకరించే గుర్తింపు సంఖ్యను ఇచ్చే ఇతర అమెరికా ప్రభుత్వ కార్యక్రమాల సభ్యులను కూడా చేర్చింది. భారత పాస్‌పోర్టు ఉన్న మీరు గ్లోబల్ ఎంట్రీ ద్వారా లోపలికి వచ్చిన తలుపు అదే. రద్దీ వేళల్లో తగిన విమానాశ్రయాల్లో ఈ వరుసలు తెరిచి ఉంచాలని కూడా ఈ చట్టాలు చెబుతున్నాయి. ఏ విమానాశ్రయం తగినది, ఏ వేళ రద్దీ వేళ అన్నది తేల్చేది మాత్రం మళ్ళీ టీఎస్ఏనే. మీ తెల్లవారుజాము ఐదు గంటల ఫిర్యాదు అక్కడే నీరుగారిపోతుంది.

జవాబు: ఎడిసన్ నుంచి ఒక అక్కయ్య

పైవారు చట్టం గురించి చక్కగా చెప్పారు. నేను అనుభవం చెబుతాను. తమ్ముడూ, మీ గుర్తు ఒకసారి వచ్చి మరొకసారి రాకపోవడానికి యాదృచ్ఛిక ఎంపిక ఒక కారణం కావచ్చు. సభ్యులకు కూడా ప్రతిసారీ గుర్తు వస్తుందన్న హామీ లేదని వారు ముందే చెబుతారు. అయితే నెలకు రెండు ప్రయాణాలు చేసే మీకు ఇంత తరచుగా పోతోందంటే, నా అనుమానమంతా మీ పేరు మీదే ఉంది.

విమానయాన సంస్థ టిక్కెట్టు అమ్మేటప్పుడు మన పూర్తి పేరు, పుట్టిన తేదీ, లింగం తీసుకుని టీఎస్ఏ నడిపే సెక్యూర్ ఫ్లైట్ వ్యవస్థకు పంపుతుంది. మన సభ్యత్వ సంఖ్యతో పాటు అవి కూడా సభ్యత్వ వివరాలతో సరిపోవాలి. మన తెలుగువాళ్ళ పేర్లతో వచ్చే చిక్కు ఇక్కడే. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసినవారి వీసాలో పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్ళి, మొదటి పేరు చోట ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని మూడు అక్షరాలు వచ్చి కూర్చుంటాయి. వెంకట సత్యనారాయణ వంటి పేరును ఒక చోట విడదీసి, ఇంకొక చోట కలిపి, మూడవ చోట వెంకట్ అని కుదించి రాసుకుంటాం. పిలవడానికి ఏ పేరైనా ఒకటే కానీ కంప్యూటరుకు అవి ముగ్గురు మనుషులు. గ్లోబల్ ఎంట్రీ ఖాతాలో ఏ పేరు ఉందో, విమానయాన సంస్థల్లో మీరు దాచుకున్న ఖాతాల్లో ఏ పేరు ఉందో ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. కంపెనీ ప్రయాణ విభాగం వారు టిక్కెట్టు కొంటే సభ్యత్వ సంఖ్య అసలు చేరకపోవడమూ మామూలే.

మీ భార్య హెచ్4లో ఉన్నా ఆమె స్వతంత్రంగా గ్లోబల్ ఎంట్రీకి దరఖాస్తు చేసుకోవచ్చు, ఎందుకంటే అక్కడ చూసేది వీసా రకాన్ని కాదు, పౌరసత్వం ఉన్న దేశాన్ని. 2016 జూన్‌లో రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరి, 2017 జూలై నుంచి భారత పౌరులకు ఇది అందుబాటులోకి వచ్చింది. మొదటి సభ్యుడు అప్పటి మన రాయబారి నవ్‌తేజ్ సర్నా. రుసుము 2024 అక్టోబరు 1 నుంచి 120 డాలర్లు, తిరస్కరించినా తిరిగి ఇవ్వరు. అమెరికా వైపు దరఖాస్తుతో పాటు భారత ప్రభుత్వ పరిశీలన కూడా ఉంటుంది కనుక ఓపిక పట్టాలి. షరతులతో ఆమోదం వచ్చాక ఇంటర్వ్యూ తేదీ దొరకకపోతే బెంగ పెట్టుకోకండి. విదేశం నుంచి తిరిగి వచ్చే రోజున, ఆ వసతి ఉన్న విమానాశ్రయంలో ఇమ్మిగ్రేషన్ దగ్గరే దాన్ని పూర్తి చేయవచ్చు.

మీ ఎనిమిదేళ్ళ బిడ్డకు ఏ సభ్యత్వమూ లేకపోయినా మీ వెంట ప్రీచెక్ వరుసలోకి రావచ్చు. 12 ఏళ్ళ దాకా అదే నియమం. 13 నుంచి 17 ఏళ్ళవారు ఒకే రిజర్వేషన్‌లో ఉండి, వారి బోర్డింగ్ పాస్ మీద కూడా గుర్తు పడితేనే రానిస్తారు. నాన్నగారికి 75 దాటాయి కనుక మామూలు వరుసలోనే కొన్ని సడలింపులు ఉంటాయి. చక్రాల కుర్చీ అడిగితే ఆ సహాయకులే దగ్గరుండి దాటిస్తారు.

ఇంకొక మాట, ఇది మాత్రం మరిచిపోవద్దు. మా మరిది రెండేళ్ళ క్రితం ఊరి నుంచి వస్తూ, వాళ్ళమ్మ సర్దిన సంచిలో పచ్చి కరివేపాకు ఉన్న సంగతి చూసుకోకుండా కస్టమ్స్ దగ్గర ఏమీ లేదని చెప్పాడు. కరివేపాకు నిమ్మజాతి చెట్లకు తెగులు మోసే పురుగుకు ఆవాసం కనుక తేవడం నిషిద్ధం. తెచ్చినదానికంటే చెప్పకపోవడం పెద్ద తప్పయింది. గ్లోబల్ ఎంట్రీ పోయింది, దానితో పాటు ప్రీచెక్ కూడా పోయింది. కస్టమ్స్, ఇమ్మిగ్రేషన్, వ్యవసాయ నిబంధనల్లో దేన్ని ఉల్లంఘించినా అనర్హులేనని గ్లోబల్ ఎంట్రీ నియమాల్లోనే రాసి ఉంది. ఆవకాయ సీసా అయినా సరే, ఉందని రాసి ఇవ్వండి. చూసి వదిలేస్తారు, లేదా తీసేసుకుంటారు, అంతకు మించి ఏమీ జరగదు. అన్నట్టు, టెక్సస్‌లో ఉన్నారు కనుక చెబుతున్నాను, చేతిసంచిలో తుపాకీ మరిచిపోయి పట్టుబడిన సభ్యులకు ఐదేళ్ళ దాకా ప్రీచెక్ ఉండదు.

జవాబు: పాదసూచిక

పాత దస్తావేజు గారి వివరణతో నాకు పేచీ లేదు కానీ, మీ మూడవ ప్రశ్నను ఎవరూ తాకలేదు. హక్కు ఉందా అంటే, లేదు. ఎందుకు లేదన్నది తెలుసుకోవలసిన విషయం.

గ్లోబల్ ఎంట్రీ 2004 నాటి ఇంటెలిజెన్స్ సంస్కరణల చట్టంలో, తరువాతి సవరణతో కలిసి, ఇమ్మిగ్రేషన్ శీర్షిక కింద ఉంది. అమెరికా పౌరులు, నివాసులతో సహా అంతర్జాతీయ ప్రయాణికుల రాకపోకలను త్వరితం చేసే కార్యక్రమాన్ని ఏర్పాటు చేయాలని ఆ చట్టం హోంల్యాండ్ సెక్యూరిటీ మంత్రిని ఆదేశిస్తుంది. కార్యక్రమం ఉండాలన్నది ఆదేశమే. అందులో ఫలానా మనిషిని చేర్చుకోవాలన్న ఆదేశం ఎక్కడా లేదు. గ్లోబల్ ఎంట్రీ తిరస్కరణ మీద వాషింగ్టన్‌లోని ఫెడరల్ జిల్లా న్యాయస్థానంలో వేసిన ఒక వ్యాజ్యంలో, అర్హత నిర్ణయాన్ని చట్టం అధికారుల విచక్షణకే విడిచిపెట్టింది కనుక తాము దానిని తిరగదోడలేమని 2011లో న్యాయమూర్తి తేల్చారు. తిరస్కరణను మళ్ళీ పరిశీలించమని అర్జీ పెట్టుకోవచ్చు. తనిఖీల్లో పదేపదే ఇబ్బంది వస్తుంటే హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ నడిపే డీహెచ్ఎస్ ట్రిప్ అనే ఫిర్యాదుల విభాగానికి రాయవచ్చు. మీరు చేయగలిగింది ఇంతవరకే.

ఈ విచక్షణకు హద్దు లేదా అంటే ఒక ఉదాహరణ ఉంది. పత్రాలు లేని వలసదారులకు కూడా డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చే చట్టాన్ని న్యూయార్క్ రాష్ట్రం తెచ్చి, ఆ వివరాలను ఇమ్మిగ్రేషన్ విభాగాలకు ఇవ్వబోమని చెప్పింది. 2020 ఫిబ్రవరిలో హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ దానికి బదులుగా ఆ రాష్ట్ర నివాసులు ఎవరూ గ్లోబల్ ఎంట్రీలో చేరడానికి, పునరుద్ధరించుకోవడానికి వీల్లేదని ప్రకటించింది. కోపం రాష్ట్రం మీద, దెబ్బ ప్రయాణికుల మీద. రాష్ట్రం కోర్టుకు వెళ్ళింది. జూలైకల్లా ప్రభుత్వ న్యాయవాదులే, లైసెన్సు వివరాలు ఇవ్వకుండా ఆపే ఆంక్షలు న్యూయార్క్‌లోనే ఉన్నాయని తాము కోర్టుకు చెప్పింది నిజం కాదని ఒప్పుకోవలసి వచ్చింది, నిషేధాన్ని ఎత్తేశారు. ఒక్క మనిషి అడిగితే విచక్షణ అన్న గోడ, ఒక రాష్ట్రం మొత్తాన్ని తోసేసి, అందుకు తప్పుడు కారణం చెబితే మాత్రం కూలిన గోడ. ఈ రెండింటి మధ్య మీరు, నేను ఎక్కడ నిలబడతామో ఊహించుకోండి.

మీ మిత్రుడి గ్రీన్ కార్డు గురించి కూడా ఒక మాట. ఆయన మీకంటే నమ్మదగినవాడని ఎవరూ అనలేదు. హెచ్1బీ గడువున్న వీసా, శాశ్వత నివాసం అలా కాదు కనుక పాలనాపరంగా వారిని పరిశీలించడం సులువని సంస్థ భావించి ఉంటుందని నా అభిప్రాయం. న్యాయం అనిపించకపోవచ్చు, నాకూ అనిపించదు. హెచ్1బీ ఉద్యోగుల చరిత్ర ఈ ప్రభుత్వం దగ్గర ఉన్నంత దట్టంగా చాలామంది పౌరులది కూడా ఉండదు. దీన్ని మార్చాలంటే చట్టం అడ్డు కాదు, టీఎస్ఏ తన ప్రకటనను మారిస్తే చాలు. అందుకే దీని గురించి కాంగ్రెస్ సభ్యునికి రాయడం కంటే, టీఎస్ఏ ఫెడరల్ రిజిస్టర్‌లో ప్రజాభిప్రాయం కోరినప్పుడు రాయడమే సూటి మార్గమని అంటాను.

జవాబు: శంషాబాద్ వైపు

హైదరాబాద్ నుంచి ఒక చిన్న చేర్పు. బాటసారి గారి నాన్నగారు ఇక్కడినుంచి బయలుదేరుతారు కనుక, ఇక్కడి ఏర్పాట్లను ప్రీచెక్‌తో కలిపి చూడవద్దని మనవి. డిజియాత్ర 2022 డిసెంబరులో ఢిల్లీ, బెంగళూరు, వారణాసిలలో మొదలై, మరుసటి ఏడాది హైదరాబాద్, విజయవాడలకు వచ్చింది. అది ముఖం చూసి ద్వారం తెరుస్తుంది, దేశీయ ప్రయాణాలకు పనికొస్తుంది. సీఐఎస్ఎఫ్ వారి తనిఖీ మాత్రం అందరికీ ఒకటే. ఇక 2024 జూన్‌లో ఢిల్లీలో మొదలై, 2025 జనవరిలో హైదరాబాద్‌తో సహా మరో ఏడు విమానాశ్రయాలకు విస్తరించిన ఫాస్ట్ ట్రాక్ ఇమిగ్రేషన్ పథకం పేరులో ట్రస్టెడ్ ట్రావెలర్ అని ఉన్నా, అది ఇమ్మిగ్రేషన్ గేట్ల వరకే. భారత పౌరులకు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నవారికి ఉచితం.

భద్రతా తనిఖీ నుంచి మినహాయింపు మన దేశంలోనూ ఉంది. అయితే అది దరఖాస్తు చేసుకుంటే వచ్చేది కాదు, రాష్ట్రపతి, ప్రధానమంత్రి వంటి పదవుల జాబితా. అక్కడ డబ్బు కట్టి వేలిముద్ర ఇస్తే దొరికేది, ఇక్కడ ఎన్నికల్లో గెలిస్తే దొరుకుతుంది!

ఫ్రిస్కో బాటసారి

అందరికీ కృతజ్ఞతలు. అక్కయ్య గారు చెప్పినట్టు రాత్రి కూర్చుని ఖాతాలన్నీ తెరిచి చూశాను. గ్లోబల్ ఎంట్రీలో పాస్‌పోర్టులో ఉన్నట్టే పూర్తి పేరు ఉంది. నేను స్వయంగా టిక్కెట్టు కొనే రెండు విమానయాన సంస్థల్లోనూ అదే ఉంది. కంపెనీ ప్రయాణ విభాగం నా కోసం పెట్టిన ఖాతాలో మాత్రం పేరు సగమే ఉంది, సభ్యత్వ సంఖ్యలో ఒక అంకె తప్పు పడింది. గుర్తు రాని ప్రయాణాల తేదీలు తీసి చూస్తే అన్నీ ఆ ఖాతా నుంచి కొన్నవే. నేను ఇన్నాళ్ళూ చట్టం మీద పెట్టుకున్న కోపంలో సగం అక్కడికి పోవలసింది.

2025 జూలైలో బూట్లు విప్పే నియమాన్ని అందరికీ ఎత్తేశాక ప్రీచెక్‌కు విలువ తగ్గిందేమోనని కూడా ఒక సందేహం ఉండేది. ల్యాప్‌టాప్, ద్రవాల సంచి బయటకు తీయకుండా, బెల్టు విప్పకుండా వెళ్ళడం నెలకు రెండుసార్లు ప్రయాణించే నాకు ఇంకా అవసరమే. భార్య దరఖాస్తు ఈ వారం మొదలుపెడుతున్నాం. పాదసూచిక గారూ, ఫెడరల్ రిజిస్టర్‌లో ప్రజాభిప్రాయం కోరే ప్రకటన ఎప్పుడు వచ్చినా దయచేసి ఇక్కడ ఒక మాట రాయండి.

పాదసూచిక

తప్పకుండా రాస్తాను. ప్రయాణ విభాగం వారు సరిదిద్దాక కూడా, ముందే కొని ఉన్న టిక్కెట్లలో పాత పేరే ఉండిపోవచ్చు కనుక వాటిని విడిగా మార్పించుకోండి.